పెన్ పెన్సిల్ కొనేముందు లెడ్డు సంగతి తేల్చుకోండి

బడులు తెరిచే రోజుల్లో ఒడిశా సరిహద్దు ఊళ్లు గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో ఏ పుస్తకాల కొట్టు ముందు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది: “అన్నయ్యా, మొన్న పట్టుకెళ్లిన పెన్ పెన్సిల్ బాలేదు. ఊరికే విరిగిపోతోంది. ఇంకో కంపెనీది ఇయ్యి.” కొట్టాయన ఇంకో కంపెనీది ఇస్తాడు. అదీ విరుగుతుంది. మూడోది కూడా అయ్యాక ఇంట్లోవాళ్లు విసుగొచ్చి మళ్లీ చెక్క పెన్సిలూ షార్ప్‌నరూ పిల్లాడి చేతిలో పెడతారు.

ఇందులో కంపెనీల తప్పు చాలా తక్కువ. మనం పెన్సిల్ చూసి కొంటున్నాం, రాసేదేమో బొత్తాం నొక్కితే బయటికొచ్చే సన్నటి నల్లపుల్ల, అంటే లెడ్డు. ఎంత మందం, ఎంత మెత్తన, ఏ కాగితం మీద, ఏ లిపిలో అన్నది ముందు తేల్చుకుంటే పెన్సిల్ ఎంపిక సగం అయిపోయినట్టే. ఇరవై రూపాయల ప్లాస్టిక్ దానికీ, వెయ్యి దాటిన జర్మన్ పేరున్న దానికీ ఇదే వరస.

మందంతో మొదలుపెడదాం. డబ్బా మీద 0.3, 0.5, 0.7, 0.9 అని ఉంటుంది. ఇవి మిల్లీమీటర్లే గానీ కచ్చితమైన కొలతలు కావు, పేర్లనుకోవాలి. 0.5 అని అమ్మే లెడ్డు నిజానికి 0.56 మిల్లీమీటర్లు. 0.7 మాత్రం దాదాపు 0.7. చూడ్డానికి వెంట్రుకవాసి తేడా. కానీ గుండ్రటి పుల్లను వంచితే అది తట్టుకునే బలం మందానికి ఘనంగా పెరుగుతుంది. 0.7ని 0.56తో భాగిస్తే 1.25. దాని ఘనం 1.95. అంటే ఒకే రకం లెడ్డులో 0.7ది 0.5 కన్నా దాదాపు రెట్టింపు ఒత్తిడి ఓర్చుకుంటుంది. 0.9 అయితే నాలుగు రెట్లు. కంపెనీ మారిస్తే ఇంత తేడా ఎప్పటికీ రాదు.

లెక్కలో ఇంకో సగం మన వేలి కొసన ఉంది. మొన దగ్గరి గొట్టం బయటికి లెడ్డు ఎంత పొడుగు వస్తే అంత సులువుగా విరుగుతుంది. పొడుగు రెట్టింపైతే సగం ఒత్తిడికే పుటుక్కుమంటుంది. చాలా పెన్సిళ్లలో బొత్తాం ఒక్క నొక్కుకు, అంటే ఒక్క టిక్కుకు, అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా లెడ్డు బయటికొస్తుంది. రెండు టిక్కులు కొట్టి రాయాలి. పిల్లలు ఆ టిక్ టిక్ చప్పుడుకే ముచ్చటపడి అయిదారు కొడతారు. అప్పుడు జపాన్‌దైనా జర్మనీదైనా ఒకటే.

ఇంత సన్నటి లెడ్డు అసలు ఎలా సాధ్యమైందన్నది కూడా తెలుసుకోదగ్గ విషయమే. చెక్క పెన్సిల్లో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి కలిపి కాల్చిన పుల్ల. ఆ పద్ధతికి ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే 1795లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే గట్టిగా, లేతగా రాస్తుంది. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తగా, నల్లగా రాస్తుంది. అయితే మట్టి లెడ్డును మరీ సన్నగా చేస్తే చేతిలోనే పొడైపోతుంది. జపాన్‌లో హయకావా తొకుజి 1915లో లోహపు మర పెన్సిల్ తయారుచేసి, దానికి పెట్టిన షార్ప్ అనే పేరుతోనే తర్వాత పెద్ద కంపెనీకి అధిపతి అయ్యాడు గానీ, ఆ కాలపు పెన్సిళ్లలో లెడ్లు లావు. 1960లో పెంటెల్ కంపెనీ మట్టికి బదులు రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం వాడింది. గ్రాఫైటుతో రెజిన్ కలిపి, సన్నటి దారంలా పిండి, బాగా వేడి మీద కాలిస్తే రెజిన్ కూడా కర్బనమైపోయి గ్రాఫైటును పట్టి ఉంచుతుంది. ఇప్పుడు కొట్లో దొరికే 0.5, 0.7 లెడ్లన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇంగ్లీషులో లెడ్ అన్నారని సీసం అనుకుని, పిల్లాడు నోట్లో పెట్టుకున్నాడని బెంగపడే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అందులో సీసం చుక్క కూడా ఉండదు. గ్రాఫైటంటే మనకు పరాయిదీ కాదు. రాయగడ, కోరాపుట్ వైపు కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది, కోందు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. ఆ రాళ్ల మధ్య గ్రాఫైటు పొరలుంటాయి.

ఇక మెత్తన సంగతి. హెచ్‌బీ మధ్యస్థం. బీ, 2బీ వైపు వెళ్తే నలుపు, మెత్తన. హెచ్, 2హెచ్ వైపు వెళ్తే లేత, గట్టి. దీనికి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. ఒకరి హెచ్‌బీ ఇంకొకరి బీ అంత నల్లగా ఉండొచ్చు. కాబట్టి నచ్చిన లెడ్డు దొరికితే దాని డబ్బా దాచుకోండి, పెన్సిల్ మారినా లెడ్డు మార్చకండి. మన నోటుపుస్తకాల కాగితం 54 నుంచి 60 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క) మధ్య ఉంటుంది, పలచన. వానాకాలంలో కోరాపుట్ వైపు ఆ కాగితం తేమ పీల్చుకుని ఇంకా మెత్తబడుతుంది. దాని మీద 0.3 హెచ్‌తో రాస్తే గీత కనబడదు, గాడి మాత్రం పడుతుంది, వెనక పేజీ మీద తడిమితే అక్షరాలు చేతికి తగులుతాయి. రోజువారీ రాతకు నేను 0.7లో బీ అంటాను. చెయ్యి బరువుగా పడేవాళ్లకు 0.7లో హెచ్‌బీ. లెక్కలు, చిన్న అక్షరాలు, పట్టికలు ఎక్కువ రాసేవాళ్లకు 0.5లో హెచ్‌బీ లేదా బీ. 0.3 రాతకు పనికిరాదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల చెయ్యి పువ్వులా పడుతుంది.

ఇప్పుడు లిపి దగ్గరికి వద్దాం. పెన్సిళ్ల గురించి రాసేవాళ్లు దీన్ని దాదాపు పట్టించుకోరు, వాళ్లు రాసేది ఇంగ్లీషో జపనీసో కాబట్టి. మన సరిహద్దు పిల్లాడు వారంలో నాలుగు లిపులు రాస్తాడు: బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ, ఇంట్లోనో తెలుగు బడిలోనో తెలుగు. ఇది ఇక్కడ కొత్త కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాషకు తెలుగు అక్షరాల్లో పుస్తకాలు రాశారు. 1936లో మంగేయి గొమాంగో అదే భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే విడి లిపినే తయారుచేశాడు.

తెలుగు, ఒడియా రెండూ గుండ్రటి లిపులు. ‘అ’ రాయాలంటే చెయ్యి ఎత్తనక్కర్లేదు, ఒక్క మెలికలో అయిపోతుంది. హిందీలో పైగీత అడ్డంగా లాగాలి, ప్రతి మాటకీ ఒకసారి చెయ్యి ఎత్తి దించాలి. జపాన్ వాళ్ల కంజీ అక్షరాల్లో పది పన్నెండు గీతలుండటం మామూలు. అంటే అక్షరానికి పది పన్నెండు సార్లు పెన్సిల్ కాగితాన్ని తాకి లేస్తుంది.

ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటారా? ఏ లెడ్డైనా వంచి పట్టుకుని రాస్తే ఒక పక్క అరిగి ఉలి మొనలా తయారవుతుంది. అప్పుడు పైనుంచి కిందికి గీసిన గీత ఒక మందం, పక్కకి గీసినది ఇంకో మందం వస్తుంది. నిలువు అడ్డం గీతలుండే లిపిలో ఇది అంతగా తెలియదు. ‘ఠ’ లాంటి సున్నాలో వెంటనే పట్టుబడుతుంది, ఒకే సున్నా ఒక పక్క సన్నగా, ఇంకో పక్క లావుగా. కింద ఒత్తులొస్తే సందులు పూడుకుపోతాయి. ‘క్ష్మ’ ఒకసారి అరిగిన మొనతో, ఒకసారి కొత్త మొనతో రాసి పక్కపక్కన పెట్టి చూడండి.

దీనికి మందు అని మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ (కార్ల మిత్సుబిషితో దీనికి చుట్టరికం లేదు) 2008లో కురుతోగా అనే పెన్సిల్ తెచ్చింది. లోపల బుల్లి పళ్లచక్రాలుంటాయి. మొన కాగితానికి ఆనినప్పుడు లెడ్డు రవ్వంత పైకి జరుగుతుంది, ఎత్తినప్పుడు కిందికి దిగుతుంది. ఆ కదలికకే లెడ్డు 9 డిగ్రీలు తిరుగుతుంది. నలభై సార్లు ఆన్చి ఎత్తితే ఒక చుట్టు పూర్తి. మొన ఎప్పుడూ శంఖంలా కూచిగా అరుగుతుంది. తెలివైన పనే. కానీ అది తిరగాలంటే చెయ్యి ఎత్తాలి. కంజీ రాసేవాడికి మూడు నాలుగు అక్షరాలకే ఒక చుట్టు తిరిగే లెడ్డు, మెలికలు తిప్పుతూ తెలుగు రాసేవాడికి అంతకన్నా చాలా నెమ్మదిగా తిరుగుతుంది. ఇంగ్లీషు కలిపిరాత రాసేవాళ్లదీ ఇదే కథ. ఉపయోగం లేదని కాదు, అక్కడివాళ్లు చెప్పినంత ఇక్కడ కనబడదు. పైగా ఆ రవ్వంత పైకీ కిందకీ కదలిక కొందరికి స్పాంజి మీద రాసినట్టు అనిపిస్తుంది. దానికే చవగ్గా అయ్యే ఉపాయం ఉంది: పంక్తి పంక్తికీ పెన్సిల్‌ని వేళ్లలో కొంచెం తిప్పడం. క్లిప్పు అడ్డొస్తే తీసేయండి. పాత డ్రాయింగు మాస్టార్లు చెక్క పెన్సిల్‌తోనే ఇది అలవాటు చేయించేవారు.

లెడ్డు విరక్కుండా చేసే పెన్సిళ్లు కూడా వచ్చాయి. జీబ్రా వాళ్ల డెల్‌గార్డ్‌లో ఎక్కువ నొక్కితే లోపలి స్ప్రింగు అణిగి లెడ్డు వెనక్కి తగ్గుతుంది. పెంటెల్ ఒరెంజ్‌లో గొట్టం లెడ్డును చివరిదాకా కప్పి ఉంచి, లెడ్డు అరిగేకొద్దీ తానూ వెనక్కి జరుగుతుంది. బాగా నొక్కి రాసే పిల్లలకు డెల్‌గార్డ్ పనికొస్తుంది. కానీ 0.7 లెడ్డు వాడి, రెండు టిక్కులతో ఆగగలిగితే దాని అవసరమే రాదు.

పెన్సిల్ లోపల ఏముందో ఒకసారి విప్పి చూస్తే చాలా ఫిర్యాదులకు జవాబు దొరుకుతుంది. ముక్కు మర తిప్పి తీయండి. మూడు చీలికలున్న చిన్న ఇత్తడి ముక్క కనబడుతుంది, దాని చుట్టూ ఒక ఇత్తడి ఉంగరం, వెనక స్ప్రింగు. ఆ చీలికలే దవడలు. బొత్తాం నొక్కగానే దవడలు లెడ్డును కరుచుకునే ముందుకు జరుగుతాయి. ఉంగరం ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. దవడలు ఇంకాస్త ముందుకెళ్లి ఉంగరంలోంచి బయటపడి తెరుచుకుంటాయి. వేలు వదిలితే స్ప్రింగు వాటిని వెనక్కి లాగుతుంది. ఆ క్షణంలో లెడ్డు కూడా వెనక్కి పోకుండా ముక్కు లోపలున్న బుల్లి రబ్బరు ఉంగరం ఆపుతుంది. దవడలు కాస్త వెనక చోట మళ్లీ బిగుసుకుంటాయి. ఒక టిక్కు అంటే ఇదంతా.

ఇది తెలిస్తే రోగం పట్టుకోవడం తేలిక. రాస్తుంటే లెడ్డు లోపలికి పోతోందా? దవడల్లో గ్రాఫైటు పొడి పేరుకుంది, లేదా దవడలు ప్లాస్టిక్‌వి, అరిగిపోయాయి. ఒక్కోసారి 0.7 పెన్సిల్లో 0.5 లెడ్డు వేసి ఉంటారు. బొత్తాం నొక్కితే లెడ్డు బయటికి జారి పడిపోతోందా? రబ్బరు ఉంగరం అరిగింది, లేదా ఊడింది. లెడ్డు ఉన్నా గీత వణుకుతోందా? అది చివరి ముక్క. దవడల నుంచి మొన దాకా సెంటీమీటరు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ దూరం ఉంటుంది. లెడ్డు అంతకన్నా పొట్టిదైతే దవడలకు అందదు. వెనక వచ్చే కొత్త లెడ్డు దాన్ని తోస్తుంది గానీ రెండూ అతుక్కుని ఉండవు కాబట్టి ముక్క గొట్టంలో అటూ ఇటూ ఆడుతుంది. లెడ్డు పొడవు సాధారణంగా 60 మిల్లీమీటర్లు. అందులో ఆరో వంతో, అయిదో వంతో ఇలా పోతుంది. లాగి పారేసి కొత్తది తెచ్చుకోవడమే నయం.

కాబట్టి కొట్లో చూడాల్సింది బొమ్మ కాదు, దవడలు. ముక్కు విప్పి చూపించమని అడగండి. ఇత్తడి పచ్చగా కనబడితే సగం భయం పోయినట్టే. తర్వాత గొట్టం. పెంటెల్ పీ205 లాంటి డ్రాఫ్టింగు పెన్సిళ్లకు మొన దగ్గర 4 మిల్లీమీటర్ల సన్నటి లోహపు గొట్టం కదలకుండా ఉంటుంది. స్కేలు అంచుకు ఆన్చి గీసేటప్పుడు మొన స్పష్టంగా కనబడాలని ఆ ఏర్పాటు. రాతకు దాని అవసరం లేదు, పైగా అపాయం: చొక్కా జేబులో గుచ్చుకుంటుంది, కింద పడితే వంగుతుంది. వంగిన గొట్టంలో లెడ్డు ప్రతిసారీ విరుగుతుంది. చెయ్యి తడబడే వయసు పిల్లలకు లోపలికి ముడుచుకునే గొట్టం ఉన్నదే కొనాలి. రాట్రింగ్ 600 లాంటి ఇత్తడి ఒళ్లున్న పెన్సిల్ 20 గ్రాములు దాటుతుంది, అది తలకిందులుగా పడిందంటే మొన మీదే పడుతుంది. చెయ్యి నిలకడ ఉన్న పెద్దవాళ్లకు ఆ బరువు హాయిగా ఉంటుంది, నిజమే. తొమ్మిదో తరగతి పిల్లాడికి కానుకగా ఇవ్వకండి. క్యామ్లిన్, అప్సర, డామ్స్, ఫేబర్‌కాస్టెల్ పేర్లతో మన కొట్లలో దొరికేవాటిలో 0.7 ఒకటి, దానికి మంచి లెడ్ల డబ్బా ఒకటి తీసుకుంటే బడి సంవత్సరం గడిచిపోతుంది. డబ్బు మిగిలితే లెడ్డు మీద పెట్టండి, పెన్సిల్ మీద కాదు.

బొమ్మలకు వేరే లెక్క. పెన్ పెన్సిల్ గీత ఎక్కడైనా ఒకే మందం. వాల్చి పట్టుకుని వెడల్పుగా నీడ పూయడం దానితో కాదు. ముఖచిత్రాలకూ, కొండలూ మబ్బులూ దించడానికీ చెక్క పెన్సిల్‌నో, 2 మిల్లీమీటర్ల లావు లెడ్డు పట్టే క్లచ్ పెన్సిల్‌నో మించింది లేదు. కానీ గీతే ప్రాణమైన బొమ్మలున్నాయి. పుట్టాసింగి వైపు లంజియా సవరల ఇడితాల్ గోడచిత్రాలు చూడండి. పుల్లల్లాంటి చేతులూ కాళ్లూ, వరసలో చిన్న చిన్న మనుషులు. అసలైనవి ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. ఇప్పుడు వాటినే కాగితం మీద నేర్చుకునే పిల్లలకు 0.5 హెచ్‌బీ సరిగ్గా సరిపోతుంది, ఎక్కడా గీత లావెక్కదు. నొక్కకుండా తేలిగ్గా గీయమనండి. గాడి పడిన కాగితం మీద తర్వాత తెల్లరంగు పూసినా ఆ గాడి కనబడుతూనే ఉంటుంది.

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్ల నుంచి వచ్చి డిజైను నేర్చుకుంటున్న పిల్లలకు పని ఇంకో రకం. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపాలి, కుంభం అంచు ఒక్కో మెట్టు ఎక్కాలి. వందల గళ్లు 0.5తో నింపితే చెయ్యి పీకుతుంది. అక్కడ 0.9 బీ వాడితే ఒక్కో గడికి రెండు మూడు రుద్దులతో పని అయిపోతుంది.

ఇంజనీరింగు డ్రాయింగులో మాత్రం పెన్ పెన్సిల్‌కి ఎదురులేదు. కనబడే అంచులకు లావు గీత, కొలతల గీతలకూ మధ్యగీతలకూ సన్నటి గీత, రెండిటి మందం నిష్పత్తి 2:1 ఉండాలని పద్ధతి. ఒకే పెన్సిల్‌ని ఒకసారి నొక్కీ ఒకసారి నొక్కకా ఈ తేడా తెద్దామనుకుంటే షీటు మరకలవుతుంది. 0.7 ఒకటి, 0.3 ఒకటి పెట్టుకుంటే పని తేలికవుతుంది. 0.3కి హెచ్, 0.7కి హెచ్‌బీ వేయండి. ఆ 4 మిల్లీమీటర్ల గొట్టానికి విలువ ఇక్కడే తెలుస్తుంది, డ్రాయింగు బల్లకు బిగించే మినీ డ్రాఫ్టరు స్కేలు ఎంత మందంగా ఉన్నా మొన అంచుకు అంటుకుని నడుస్తుంది.

పరీక్షల సంగతి ఒక ముక్క. నీట్ ఓఎంఆర్ పత్రంలో గుండ్రాలు బాల్‌పెన్నుతోనే నింపాలి, పెన్సిల్ తీసుకెళ్లినా లాభం లేదు. ఆర్కిటెక్చర్‌కి వెళ్లాలనుకునేవాళ్లు రాసే జేఈఈ రెండో పేపరులో డ్రాయింగు భాగం మాత్రం కాగితం మీదే ఉంటుంది, పెన్సిళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. దానికి ఒక 0.5, ఒక 0.9, నీడలకు చెక్క పెన్సిల్ 4బీ చాలు.

పెన్సిల్ వెనక లెడ్లు నింపే గొట్టంలో ఒకేసారి రెండు మూడుకు మించి వేయకండి. పదేసి కుక్కితే ఒకదానికొకటి అడ్డం పడి దవడల ముఖద్వారంలో ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే బొత్తాం గట్టిగా కొట్టొద్దు, లోపల ముక్కలు ముక్కలై పని పెరుగుతుంది. వెనక రబ్బరు తీసి లెడ్లన్నీ బయటికి వంచేయండి, బొత్తాం నొక్కి పట్టుకుని ముందు వైపు నుంచి సన్నటి తీగ దూర్చి లోపలి ముక్కను వెనక్కి తోయండి. కొన్ని పెన్సిళ్లలో రబ్బరు కిందే ఇందుకని ఒక సూది పెట్టి ఇస్తారు. ముక్కు విప్పినప్పుడు దవడల మీది నల్లపొడిని పొడి బ్రష్షుతో దులపండి, నూనె మాత్రం వేయకండి, లెడ్డు జారిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ముక్కు లోపలి రబ్బరు ఉంగరం జారి కింద పడలేదని చూసుకోండి. అది ఆవగింజంతే ఉంటుంది, నేల మీద పడితే దొరకదు.